మా అమ్మ గృహిణి కాదు

కొంచెం పొడుగు పోస్టు. తీరిక చూసుకుని చదవండి. ముఖ్యంగా ఏదో రాద్దామని నోట్‌బుక్ తీసి, రెండు లైన్లు రాసి, చింపి ఉండ చుట్టేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు చదవండి. మేం కూడా ఆ ఉండలు చుట్టిన బ్యాచే.

ఆరో తరగతిలో మాకు 'మా అమ్మ' అని వ్యాసం ఇచ్చారు. ఆశ్రమ పాఠశాల. క్లాసులో దాదాపు అందరం కోయ పిల్లలమే, ఇద్దరు ముగ్గురు కొండరెడ్లు. అందరం ఒక్కటే రాశాం. "మా అమ్మ గృహిణి. ఉదయాన్నే నిద్ర లేచి, ఇల్లు ఊడ్చి, నాన్నగారికి కాఫీ ఇస్తుంది." అప్పటికి మా ఇళ్లల్లో కాఫీ పొడి మొహం చూసినవాళ్లు లేరు. నాన్నని 'నాన్నగారు' అని పిలిచినవాళ్లూ లేరు. వేసవి సెలవులకి ఇంటికి పోతే ఆ 'గృహిణి' తెల్లారకముందే తునికాకుకి పోయేది. ఎండెక్కే వేళకి మూట నెత్తిన పెట్టుకుని వచ్చేది. మేమూ పక్కన కూర్చుని కట్టలు కట్టేవాళ్లం. కట్టకి 50 ఆకులు. లెక్కలు మాకు ఎక్కాల పుస్తకంలో కంటే అక్కడే ముందు వచ్చాయి.

ఎవరూ మమ్మల్ని అబద్ధం రాయమనలేదు. సారు బెత్తం పట్టుకుని నిలబడలేదు. గైడులో అట్లా ఉంది, మేం అట్లా రాశాం. పదికి ఎనిమిది మార్కులు వచ్చాయి. తునికాకు గురించి రాయాలన్న ఆలోచన మాలో ఒక్కరికి కూడా రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే భయమేసేది దానికే. రాసి కొట్టేసి ఉంటే కనీసం కొట్టేసిన గుర్తన్నా మిగిలేది.

డిగ్రీకి వచ్చాక హాస్టల్లో మేం నలుగురం కలిసి ఒక చిన్న పుస్తకం వేద్దామనుకున్నాం. ఆగస్టు 9కి. 1982లో ఆదివాసీల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి వేసిన వర్కింగ్ గ్రూపు మొదటిసారి కూర్చున్న రోజది. 1994లో దాన్ని ఆదివాసీ దినోత్సవంగా ప్రకటించారు. ఆ రోజు డ్యాన్సులు, ర్యాలీలు ఎట్లాగూ ఉంటాయి, ఈసారి మన రాతలు కూడా ఉండాలని మా ఆశ. అందర్నీ అడిగితే 14 రాతలు వచ్చాయి, మావి కూడా కలిపి.

రాత్రి భోజనాలయ్యాక వరండాలో కూర్చుని ఒక్కొక్కటీ పైకి చదివాం. మూడోది వచ్చేసరికి ఆవలింతలు. ఆరోది వచ్చేసరికి ఒకడు నవ్వాడు. "ఈ 14 మందికీ ఒక్కటే ఇల్లారా?" అన్నాడు. నిజమే. అందరూ 'అడవి తల్లి ఒడిలో' మొదలుపెట్టారు. అందరూ 'నాగరిక సమాజానికి దూరంగా' ఉన్నారు. ఇక మా నలుగురి రాతల్లో మూడింటిలో 'అమాయక గిరిజనులు' అన్న మాట ఉంది. మనల్ని మనమే అమాయకులని రాసుకున్నాం! మా ఊళ్లో ఏ మనిషీ ఇంకో మనిషిని ఆ మాట అనడు. అది బయటి నుంచి చూసేవాళ్ల మాట. మా చేత్తో, మా పెన్నుతో, మా ఇంటి గురించి రాస్తుంటే వాళ్లు మా భుజం మీదుగా తొంగి చూస్తూ మాట అందిస్తున్నారన్నమాట.

ఆ 14లో ఒకటి కూనవరం వైపు చెల్లెలిది. శబరి గోదారిలో కలిసే చోటు. పోలవరం ముంపు అని 2014లో ఆంధ్రాలో కలిపిన మండలాల్లో అదొకటి. ఆమె 2022 జులై వరద గురించి రాసింది. భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులు వచ్చిన వరద. "గోదారమ్మ ఉగ్రరూపం దాల్చింది, ప్రజలు భయాందోళనలకు గురయ్యారు" అని రాసింది. పేపర్లో ఇంతకంటే ఎక్కువే రాశారు కదా, నువ్వు చూసిందేంటి అని అడిగాం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వెనక పేజీ తిప్పి చూపించింది. అక్కడ నాలుగు లైన్లు ఉన్నాయి, అక్షరం కనపడకుండా కొట్టేసి ఉన్నాయి. కొట్టేసింది ఆమే కాబట్టి నోటితో చెప్పింది. గుట్ట మీద టార్పాలిన్ కింద ఉన్నప్పుడే తనకి నెలసరి వచ్చింది. వాళ్లమ్మ తన చీర చింపి గుడ్డ ఇచ్చింది. కొండెక్కేటప్పుడు వాళ్లమ్మ వెంట తెచ్చుకున్నవి రెండే చీరలు.

వరండాలో ఎవరం మాట్లాడలేదు. "ఎందుకు కొట్టేశావమ్మా?" అంటే, "అబ్బాయిలు కూడా చదువుతారు కదన్నా" అంది. (ఇది ఇక్కడ రాయొచ్చా అని ఆమెని అడిగే రాస్తున్నాం. "రాయండి, పేరొద్దు" అంది.)

ఆ రాత్రి మేం ఒక పని మొదలుపెట్టాం. కొట్టేసిన ప్రతి మాట పక్కన, మార్జిన్లో, ఎవరికి భయపడి కొట్టేశామో వాళ్ల పేరు రాయాలి. అంతే. ఎందుకు అని వ్యాసం రాయక్కర్లేదు. ఒక్క పేరు చాలు. 'సార్'. 'ఊరోళ్లు'. 'అబ్బాయిలు'. 'అమ్మ'. 'బయటోళ్లు'. నిజంగానే ఆ మాట బాగోలేదని కొట్టేస్తే 'నేను' అని రాయాలి.

వారం తర్వాత నోట్‌బుక్కులు పక్కపక్కన పెట్టి చూసుకుంటే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. 'నేను' అన్నది ఎక్కడో ఒకచోట తప్ప లేదు. మా తలకాయలో కూర్చుని "ఇది బాగోలేదు, ఇది రాయకు" అంటున్న మనిషి మేమే అనుకున్నాం ఇన్నాళ్లూ. మాకు టాలెంటు లేదనుకున్నాం. తీరా చూస్తే ఆ గొంతు మాది కాదు. నలుగురైదుగురి గొంతులు వంతులేసుకుని మాట్లాడుతున్నాయి.

అన్నిటికంటే ఎక్కువ ఉన్నది 'సార్'. అదంతా భాష భయం. కోయలో ఏరు అంటే నీళ్లు. తెలుగులో ఏరంటే వాగు. మాలో ఒకడు చిన్నప్పుడు క్లాసులో "సార్, ఏరు తాగొస్తా" అన్నాడు. "ఏరంతా తాగేస్తావా?" అని సారు అన్నారు, క్లాసంతా నవ్వింది. సారు చెడ్డమనిషేం కాదు, జోకేశారు. కానీ వాడు ఆ తర్వాత టెన్త్ అయిపోయేదాకా క్లాసులో నోరు తెరిచి ఏదీ అడగలేదు. ఇప్పటికీ తెలుగులో ఒక వాక్యం రాస్తే మూడుసార్లు దిద్దుతాడు. దిద్ది దిద్ది చివరికి ఆ వాక్యంలో ప్రాణం పోయాక "ఇప్పుడు కరెక్టుగా ఉంది" అంటాడు.

వాడికి మేం ఒక సంగతి చెప్పాం. మీకు కూడా చెబుతున్నాం. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తారు, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజని. వాడుక భాషలో రాస్తే తప్పు కాదని పోరాడిన మనిషి అని స్కూల్లో చెప్పారు. కానీ ఆయన సవర భాష నేర్చుకున్నాడని, సవర పిల్లల కోసం బడులు పెట్టించాడని, సవర భాష మీద ఆయన రాసిన పుస్తకం 1931లో అచ్చయిందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అంటే మనుషులు నోటితో మాట్లాడేది కాగితం మీదికి రావచ్చు అని తెలుగువాళ్ల కోసం కొట్లాడిన మనిషే మన్యంలోకి వెళ్లి ఆదివాసీ మాటని కాగితం మీద పెట్టాడు. మామూలుగా మాట్లాడే తెలుగు కూడా ఒకప్పుడు 'తప్పు' కిందే లెక్క. పరీక్షలో రాస్తే మార్కులు పోయేవి. ఇయ్యాల అదే కరెక్టు. మరి మన ఏరు ఎప్పటికీ తప్పుగానే ఉండాలా?

ఇంకో సంగతి. 2024లో తెలుగుకి సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది 'ఢావ్లో' అనే కథల పుస్తకానికి. రాసింది నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన రమేశ్ కార్తీక్ నాయక్. ఢావ్లో తెలుగు మాట కాదు, బంజారాల మాట. బంజారాల దుఃఖపు పాట అది. పుస్తకం అట్ట మీదే తన భాష పెట్టుకున్నాడు. చదివేవాళ్లకి అర్థం కాదేమో అని పేరు మార్చుకోలేదు. అర్థం కానివాళ్లు అడిగి తెలుసుకున్నారు.

మార్జిన్లో రెండో పేరు 'బయటోళ్లు'. ఇది తిరకాసు భయం. వాళ్లకి మనం రెండు రకాలుగా ఉంటే నచ్చుతాం. అయితే కొమ్ములు పెట్టుకుని డ్యాన్సు చెయ్యాలి, లేకపోతే ఆకలితో ఏడవాలి. మధ్యలో ఉన్నదంతా మనమే కొట్టేస్తున్నాం. బావలు మరదళ్లు ఆడే ఎగతాళులు, ఇప్పపువ్వు ఏరబోయి చేసిన అల్లరి, ఫోన్లో రీల్స్ చూసే తాత, ఇంట్లో తాగుడు గొడవలు, మనలో మనకి ఉన్న ఎక్కువ తక్కువలు. "ఇవి రాస్తే మనోళ్ల పరువు పోతుంది" అని ఒక భయం. "ఇందులో ఆదివాసీతనం ఏముంది" అని ఇంకో భయం. ఆదివాసీ రాసిందాంట్లో ఆదివాసీతనం ఏముందని ఆదివాసీయే అడగడం! మేం అడుక్కున్నాం. అందుకే చెబుతున్నాం.

ఒక్క మాట. అన్ని భయాలూ ఒక్కటి కావు. ఇక్కడ మేం చాలా వాదించుకున్నాం, కొన్నిసార్లు గట్టిగానే. మాలో ఒకడు వాళ్ల నాన్న పోడు గురించి రాసి కొట్టేశాడు. మార్జిన్లో 'ఫారెస్టోళ్లు' అని రాశాడు. పట్టా దరఖాస్తు ఇంకా తేలలేదు. ధైర్యంగా రాసెయ్ అని వాడికి చెప్పడానికి మేమెవరం? కేసయితే తిరిగేది వాళ్ల నాన్న. అట్లాగే వేల్పు కథలు కొన్ని ఉంటాయి, పెద్దల్ని అడగకుండా బయటపెట్టకూడనివి. వేరేవాళ్ల ఇంటి గుట్టు ఉంటుంది. ఇవి దాచుకోవడం పిరికితనం కాదు.

మాకు చివరికి తేలింది ఇదీ. రాయడం వేరు, బయటపెట్టడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లనే పెన్ను కదలదు. ముందు మొత్తం రాసుకోవాలి. రాశాక పెట్టెలో దాచుకుంటామా, ఊరి పేరు మార్చి కథ చేస్తామా, పదేళ్లు ఆగుతామా, అది మన ఇష్టం. రాసి దాచుకుంటే అది మనం తీసుకున్న నిర్ణయం. రాయకముందే లోపల నొక్కేస్తే అది ఎవరి నిర్ణయమో కూడా తెలియదు. ఆ పోడు రాత ఇప్పుడు వాడి ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది. చాలా బాగుంది. మేం నలుగురమే చదివాం.

తప్పులు దిద్దే మనిషి అసలు వద్దని కూడా మేం అనట్లేదు. కావాలి. కానీ ఆయన వేళకి ఆయన రావాలి. విత్తనం వెయ్యకముందే మంచె ఎక్కి వడిసెల తిప్పితే ఏం లాభం? గింజ పడాలి, మొలవాలి, కంకి పాలు పోసుకోవాలి. పిట్టల్ని తోలేది అప్పుడు. అందుకని మేం ఇప్పుడు ఇట్లా చేస్తున్నాం. మొదటి రోజు రాసేటప్పుడు కొట్టివేతలు లేవు. తెలుగు మాట తట్టకపోతే కోయ మాటే తెలుగు అక్షరాల్లో రాసేస్తాం. చెయ్యి ఆగిపోతే ఫోన్లో రికార్డింగ్ పెట్టి, ఇంట్లోవాళ్లకి చెప్పినట్టు నోటితో చెప్పి, తర్వాత విని రాసుకుంటాం. మూడు రోజులు దాన్ని ముట్టం. తర్వాతే దిద్దుడు, మార్జిన్లో పేరుతో సహా. పెద్ద రహస్యం ఏమీ లేదు.

పుస్తకం ఆ ఆగస్టు 9కి రాలేదు, ఆలస్యమైంది. జిరాక్స్ తీసి దారంతో కుట్టిన పుస్తకమే, 40 కాపీలు. అందులో 14 రాతలు లేవు, తొమ్మిదే ఉన్నాయి. కానీ తొమ్మిదీ తొమ్మిది ఇళ్లు. వరద రాత కూడా ఉంది, చీర సంగతితో సహా. అబ్బాయిలు చదివారు. ఎవరూ నవ్వలేదు. ఒకడు మాత్రం ఆ వారం ఇంటికి ఫోన్ చేసి వాళ్లమ్మతో చాలాసేపు మాట్లాడాడు.

అందులో మాలో ఒకరం ఆరో తరగతి వ్యాసం మళ్లీ రాశాం. 'మా అమ్మ' అని. ఈసారి తునికాకు, నార, 50 ఆకుల కట్ట, కల్లం అన్నీ ఉన్నాయి. సెలవులకి ఇంటికి పోయినప్పుడు అమ్మకి చదివి వినిపించాం. అమ్మకి చదువు రాదు. చదువుతుంటే లోపల ఒకటే గుబులు. కూలి పని గురించి రాసి నలుగురిలో పరువు తీశావని అంటుందేమో అని. మార్జిన్లో 'అమ్మ' అని రాసుకున్న చోట్లే ఎక్కువ ఆ పేజీల్లో.

అమ్మ ఆకులు సర్దుకుంటూ మొత్తం వింది. కాసేపాగి అంది:

"అంతా రాశావు బానే ఉంది. కల్లంలో కొసరని పక్కకి తీసేసుకున్న కట్టల సంగతేది? అది రాయలేదేం? ఎవరికి భయపడ్డావ్?"

ఆ ఒక్క సంగతి మేం కొట్టేశాం కూడా కాదు. మళ్లీ మాకు తట్టనే లేదు.

రెండో కాపీలో అది కలిపాం. మీరు కూడా ఇయ్యాల ఒక్క పేజీ రాయండి. మీ అమ్మ గురించే రాయండి. కొట్టెయ్యాలనిపిస్తే కొట్టెయ్యండి, పక్కన పేరు మాత్రం రాయండి. వీలైతే అమ్మకి చదివి వినిపించండి.