అమ్మ చెప్పిన సబ్‌మెరైన్

వైజాగ్‌లో పుట్టి పెరిగినవాణ్ని. ఇంటికి చుట్టాలొస్తే ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లే డ్యూటీ ఎప్పుడూ నాదే. కాళీమాత గుడి, కాసేపు అలలు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, చివర్లో కురుసుర సబ్‌మెరైన్. దాన్ని ఎన్నిసార్లు ఎక్కానో లెక్కే లేదు. నాన్న మాత్రం ఒక్కసారి కూడా లోపలికి రాలేదు.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు మొదటిసారి ముగ్గురం వెళ్లాం. నాన్న ఆర్టీసీ డ్రైవర్. ముందురోజు నైట్ హాల్ట్ డ్యూటీ చేసి వచ్చాడు. "మీరెళ్లి రండి, నేనిక్కడుంటాను" అని బీచ్ గట్టు మీద కూర్చున్నాడు. మేం బయటికొచ్చేసరికి కునికిపాట్లు పడుతున్నాడు. తిరిగెళ్లేటప్పుడు బస్సులో అమ్మ దారంతా ఆయనకి లోపలి సంగతులు చెబుతూనే ఉంది. ఏం చెప్పిందో నాకు గుర్తులేదు.

అమ్మ పోయి రెండేళ్లయింది. అప్పట్నుంచి వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని నాన్న దగ్గరే ఉంటున్నాను. పది రోజుల క్రితం ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. వచ్చే నెల నుంచి వారానికి నాలుగు రోజులు బెంగళూరు ఆఫీసులో ఉండాలట. నాన్నకి చెప్పలేదు. ప్రొడక్షన్‌లో బగ్ ఉందని క్లయింట్‌కి చెప్పడానికి కూడా నేనింత భయపడలేదు.

ఇంట్లో చెప్పలేక మొన్న ఆదివారం బీచ్‌కి తీసుకెళ్లాను. అక్కడా నోరు పెగల్లేదు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని "సబ్‌మెరైన్ ఎక్కుదామా నాన్నా?" అన్నాను. "పద" అన్నాడు! మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కడానికి ఐదు నిమిషాలు పట్టింది.

లోపల గైడ్ నేవీలో రిటైరైన పెద్దాయన. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ సబ్‌మెరైన్ 1969 డిసెంబర్ 18న మన నేవీలో చేరింది. 1971 యుద్ధంలో పాల్గొంది. 2001లో రిటైరై, 2002లో ఇలా మ్యూజియం అయింది.

"అంటే 31 ఏళ్లా? నాకంటే రెండేళ్లు తక్కువ సర్వీసు" అన్నాడు నాన్న. గైడ్‌కి హుషారొచ్చింది. మొత్తం 73,500 నాటికల్ మైళ్లు తిరిగిందన్నాడు. నాన్న నావైపు చూశాడు. ఫోన్‌లో లెక్కేసి చెప్పాను, 1,36,000 కిలోమీటర్ల పైమాటే అని.

"ఓస్, ఏటి అంతేనా! రెండేళ్లలో తిప్పేస్తాను."

"మీది రోడ్డు మీద సార్. మాది నీళ్ల కింద" అని గైడ్ నవ్వాడు.

పొడవు 91 మీటర్లంటే చాలా అనిపిస్తుంది గానీ, లోపలంతా పైపులు, వాల్వులు, మీటర్లే. మనుషులకి మిగిలిన చోటు మన ట్రైన్ సైడ్ బెర్తుల పక్క దారంత. అందులో 75 మంది. నీళ్ల కింద బ్యాటరీలతో నడుస్తుంది. చార్జింగ్ తగ్గితే పైకొచ్చి, గాలి పీల్చుకుని, డీజిల్ ఇంజిన్లు ఆన్ చేసి మళ్లీ ఎక్కించుకోవాలి. మన ఫోన్ బతుకే, కాకపోతే చార్జర్ పెట్టుకునే టైంలోనే శత్రువు కంట పడొచ్చు. గుండ్రటి తలుపుల దగ్గర నాన్న ఒక చేత్తో నా భుజం పట్టుకుని, తల వంచి, ఒక్కో కాలూ జాగ్రత్తగా ఇవతల పెట్టాడు. పడకలు చూసి "బస్సు సీటు కంటే నయమే" అన్నాడు.

అంతలో గైడ్‌ని అడిగాడు, "వంటిల్లెక్కడండీ?"

చూపించారు. ఒక మనిషి నిలబడితే నిండిపోయేంత గది. నాన్న చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. వెనకాల పిల్లలు తోసుకుంటున్నా కదల్లేదు.

"మీ అమ్మ చెప్పింది. అంతమందికీ ఇంత గదిలోనే వండుతారట, మన వంటిల్లు చిన్నదని ఇంకెప్పుడూ అననులే అంది. మళ్లీ వారానికే అంది."

నేనేం మాట్లాడలేకపోయాను.

బయటికొచ్చే ముందు గైడ్‌ని ఇంకో మాట అడిగాడు, మీరెక్కడున్నారో ఇంట్లోవాళ్లకి తెలిసేదా అని. "చాలాసార్లు మాకే తెలిసేది కాదండీ" అన్నాడాయన.

ముంత మసాలా కట్టించుకుని గట్టు మీద కూర్చున్నాం. అప్పుడు చెప్పేశాను, మెయిల్ సంగతీ, బెంగళూరు సంగతీ. నాన్న ఉల్లిపాయ ముక్కలు ఏరి పక్కన పెడుతున్నాడు.

"ఎప్పుడెళ్లాలి?"

"ఒకటో తారీకు. నువ్వూ రా నాన్నా."

"చూద్దాంలే."

చూద్దాంలే అంటే మా ఇంట్లో రానని అర్థం. ఇద్దరం సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాం. పొట్లం ఖాళీ అయ్యాక మడిచి జేబులో పెట్టుకుంటూ అడిగాడు.

"అక్కడ వంటిల్లు ఎంతుంటాదిరా?"

"ఇంకా ఇల్లు చూడలేదు నాన్నా."

"చూసినప్పుడు ఫొటో తీసి పంపు."