పాట పుట్టిన వాడ

పాట యెక్కడ పుట్టినను చెవికింపైనచో చాలునని పెద్దలు చెప్పుదురు. వినుటకు ఆ మాట బాగుగనే యున్నది. కాని పాట కట్టినవాడెవ్వడు, దానివలన పేరు పొందినవాడెవ్వడు అను ప్రశ్న వచ్చునప్పటికి ఆ మాట చాలదు. ఈ సంచికకు సంస్కృతిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుమని సంఘమువారు కోరినప్పుడు, మేము త్యాగరాజస్వామిని గూర్చియో, పోతనామాత్యుని గూర్చియో వ్రాయుదుమని వారు తలంచియుందురు. ఆ మహనీయులను గూర్చి వ్రాయగల పండితులు మనలో కలరు. మేము మెట్రిక్‌తో చదువు చాలించి, గుమాస్తా కొలువు చేసి విశ్రాంతి పొందినవారము. కావున మన చాళ్ల మెట్లమీద ప్రతిదినము వినబడుచున్న ఒక పాటను గూర్చియే వ్రాయ సాహసించుచున్నాము. మన పిల్లలు ఆ కళను హిప్ హాప్ అనియు, అందు పలుకు పాటను రాప్ అనియు అందురు.

మన పెద్దలలో పలువురకు ఈ పాట గిట్టదు. ఇందు రాగము లేదు, పలుకులు మోటుగా నుండునని వారి యాక్షేపణ. మా మనుమనికి పదునేడేండ్లు. వాడును, వాని మిత్రులును సాయంకాలము గచ్చిమీద చేరుదురు. ఒకడు నోటితో దరువు వేయగా మరియొకడు బొంబాయి హిందీలో ప్రాసలు కట్టి పలుకుచుండును. వారిలో వారికి ఒక నిత్యకలహము కలదు. సినిమాలకును, పెద్ద కంపెనీల రికార్డులకును ఎక్కిన పాట మెయిన్‌స్ట్రీమ్ అనియు, గల్లీలోనే యుండి తన మాట తాను చెప్పుకొను పాట అండర్‌గ్రౌండ్ అనియు వారి పరిభాష. మొదటిది అమ్ముడువోయినదని ఒక పక్షము. ఆకలిగొన్నవాడు పాట నమ్ముకొన్న తప్పేమని రెండవ పక్షము. ఈ వాదము అమెరికానుండి వచ్చినదే. కాని దీని మూలమున నున్న చిక్కు మన వాడలకు క్రొత్తది కాదని చెప్పుటయే మా యుద్దేశము.

ముందుగా ఈ కళ జన్మవృత్తాంతము చెప్పవలెను. న్యూయార్కు నగరమున బ్రాంక్సు అను ప్రాంతము కలదు. పెద్ద రహదారి నిర్మాణమునకై అచ్చటి బీదల యిండ్లెన్నియో కూలద్రోయబడెను. 1970 దశకమున మిగిలిన కట్టడములు పలుమార్లు అగ్నికి ఆహుతియయ్యెను. అట్టి చోట నల్లజాతివారును, కరీబియన్ దీవులనుండి వచ్చినవారును, ప్యూర్టోరికో వారును కాపురముండిరి. 1973 ఆగస్టు 11వ తేదీన సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520వ నెంబరు కట్టడమున, జమైకానుండి వచ్చిన క్లైవ్ క్యాంప్‌బెల్ అను యువకుడు తన సోదరి యేర్పాటు చేసిన విందులో రికార్డులు వాయించెను. పాటలో గానము ఆగి దరువు మాత్రమే వినబడు భాగమును పొడిగించి వాయించుట అతని నేర్పు. అతనినే డీజే కూల్ హెర్క్ అందురు. ఆ తేదీనే హిప్ హాప్ జన్మదినముగా లోకము లెక్కించుచున్నది. 1979లో ‘రాపర్స్ డిలైట్’ అను రికార్డు ఆ పాటను ఊరూర వినిపించెను. 1982లో వచ్చిన ‘ది మెసేజ్’ ఆ వాడల దుర్గతిని దాచక చెప్పెను.

పాట రుచి తెలిసిన వెంటనే అంగడివారు వచ్చిరి. పాడువారు నల్లవారు, పెద్ద రికార్డు కంపెనీలు చాలవరకు తెల్లవారివి. బిల్‌బోర్డు పత్రిక ప్రకటించు నూరు పాటల పట్టికలో మొట్టమొదట అగ్రస్థానము నందిన రాప్ పాట 1990లో వనిల్లా ఐస్ అను తెల్ల యువకునిది. పదునేడేండ్లు నల్లపిల్లలు నీరు పోసి పెంచిన చెట్టు కొనకొమ్మ ఫలము అతని చేతికి దక్కెను. ఇంతమాత్రమున తెల్లవారందరును అపహర్తలని చెప్పుట న్యాయము కాదు. 1984లో డెఫ్ జామ్ కంపెనీని స్థాపించినవారు రస్సెల్ సిమన్స్ అను నల్లవాడును, రిక్ రూబిన్ అను తెల్లవాడును. డెట్రాయిట్ నగరపు ఎమినెం తెల్లవాడయ్యును నల్లవారి గోష్ఠులలోనే ఈ విద్య నేర్చి, ఆ ఋణమును దాచక చెప్పుకొనెను. ఇంకొక వింత కలదు. అండర్‌గ్రౌండ్ పాటయనగా నల్లవాడలకే చెందినదని అనుకొందుము. కాని అట్టి సభలలో వినవచ్చువారు తరచుగా తెల్ల విద్యార్థులేయని అచ్చటి పరిశీలకులు వ్రాసిరి. కావున మరుగున నున్నదెల్ల పవిత్రమనియు, బయటికి వచ్చినదెల్ల అపవిత్రమనియు విభజించుట కుదరదు. కెండ్రిక్ లామార్ పాటలు లక్షలకొలది అమ్ముడయ్యెను. ఆయనకే 2018లో సంగీతమునకు పులిట్జర్ బహుమానము లభించెను. ఆయన తన వాడను విడిచి పాడలేదు.

ఇక మన ముంబయికి వత్తము. 2014లో కుర్లాకు చెందిన నేజీ అను యువకుడు తండ్రి యిచ్చిన ఐప్యాడ్‌తో ‘ఆఫత్’ అను పాటను చిత్రించి లోకమునకు వినిపించెను. అంధేరికి చెందిన డివైన్ అతనితో కలిసి 2015లో ‘మేరే గల్లీ మే’ పాడెను. గల్లీయను మాట అంతవరకు తక్కువచూపు మాట. అప్పటినుండి బిరుదువలె వినబడజొచ్చెను. ధారావిలోని డోపాడెలిక్స్ బృందమువారు తమిళమునందును పాడిరి. 2018 నాటి రజనీకాంత్ ‘కాలా’ చిత్రమున వారి పలుకు వినబడెను. స్వదేశీ బృందమువారు మరాఠీ, గుజరాతీ మొదలగు భాషలలో పాడుచు, 2019లో ఆరే అడవిలోని వార్లీ గిరిజనుల పక్షమున పాట కట్టిరి. అదే సంవత్సరము జోయా అఖ్తర్ తీసిన ‘గల్లీ బాయ్’ విడుదలయ్యెను. మరుసటి యేట దానికి 13 ఫిల్మ్‌ఫేర్ బహుమతులు వచ్చెను. నేజీ, డివైనుల జీవితములు ఆ కథకు ప్రేరణ. ఆ చిత్రము తరువాత పలువురు గల్లీ పిల్లలకు నాలుగు డబ్బులు దొరికెను. అది మంచిదే. ఆ చిత్రమున పేదరికము కనబడెను. అయితే కులము పేరు వినబడలేదు.

అమెరికాలో ఒంటి రంగు చేయు పనిని మన దేశమున కులమును, చిరునామాయును చేయుచున్నవి. ఈ పోలికను మొదట గుర్తించినది నేటివారు కారు. మహాత్మా జోతిరావు ఫూలే 1873లో వెలువరించిన ‘గులాంగిరీ’ గ్రంథమును, నీగ్రో బానిసత్వమును రద్దు చేసిన అమెరికా సజ్జనులకు అంకితమిచ్చెను. ఆ యేటనే సత్యశోధక సమాజమును స్థాపించెను. ఆ సమాజమునకు బొంబాయిలో బాసటగా నిలిచినవారిలో కామాఠీపురపు తెలుగు కంట్రాక్టర్లు ముఖ్యులు. రామయ్య వెంకయ్య అయ్యవారి పేరు అందు చిరస్మరణీయము. బ్రాంక్సులో దరువు మ్రోగుటకు సరిగా నూరేండ్లు ముందే, నల్లవారి దాస్యమునకును మన దాస్యమునకును గల చుట్టరికము మన తెలుగు పెద్దలకు తెలిసియుండెనన్నమాట. తరువాత 1972లో నామ్‌దేవ్ ఢసాళ్, జె.వి. పవార్, రాజా ఢాలే మొదలగువారు దళిత పాంథర్ సంస్థను స్థాపించి, దానికి అమెరికాలోని బ్లాక్ పాంథర్ల పేరు పెట్టిరి. ఢసాళ్ గారి ‘గోల్‌పిఠా’ కావ్యము ఆ సంవత్సరముననే వెలువడెను. గోల్‌పిఠా మన కామాఠీపురపు పొరుగుననే కలదు. అప్పటి మరాఠీ పండితులు అది కవిత్వమా, తిట్టా అని అడిగిరి. నేడు మన పెద్దలు రాప్‌ను గూర్చి అడుగుచున్నదియు అదే ప్రశ్న.

నిజాము రాజ్యమునుండి వచ్చి, ఇటుకలు మోసి, గోడలు కట్టి ఈ మహానగరమును నిలిపినవారు మన కామాఠీలు. ఆ పనివారి పేరే పేటకు పేరయ్యెను. కాని లోకమునకు కామాఠీపురమనగా ఒకే సంగతి జ్ఞప్తికి వచ్చును. 2022లో ‘గంగూబాయి కాఠియావాడీ’ చిత్రము విడుదల కాకముందు, తమ పేట పేరు అందులోనుండి తీసివేయుడని కోరుచు ఇచ్చటివారు కొందరు హైకోర్టు మెట్లెక్కిరి. మేము కొలువు చేయునప్పుడు మా చిరునామా చదివి ముసిముసి నవ్వులు నవ్విన అధికారులను ఎరుగుదుము. పిల్ల పెండ్లి సంబంధమునకు ఉత్తరము వ్రాయుచు కామాఠీపురము మాని ముంబయి సెంట్రల్ అని వ్రాసిన తండ్రులనెరుగుదుము. అమెరికాలో నల్లవాడు తన చర్మమును మార్చుకొనలేడు. మనవాడు చిరునామాను మార్చి వ్రాసికొనగలడు గాని, ఆ మార్చుకొన్న చేతికే దాని బరువు తెలియును.

ఇప్పుడు మన యింటి సంగతి యొకటి చెప్పెదము. మా చిన్నాయన డప్పు వాయించుటలో దిట్ట. వేపచెక్క చట్రమునకు తోలు బిగించి, గడ్డిమంట వేసి కాచి, కుడిచేత సిర్రయు, ఎడమచేత సిటికెన పుల్లయు పట్టి దరువు వేసినచో గల్లీ గల్లీయంతయు కదలెడిది. పోచమ్మ పండుగకు ఆయన లేనిదే ఊరేగింపు లేదు. మా బాల్యమున ఒక సంఘమువారి వార్షికోత్సవమునకు ఆయనను పిలిచిరి. ముఖ్య అతిథిగారిని గేటునుండి వేదిక మెట్లవరకు డప్పుతో తోడ్కొని వచ్చుట ఆయన పని. మెట్లవద్ద డప్పు ఆగిపోయెను. పైన పద్యములు, నృత్యము, ఉపన్యాసములు జరిగెను. కూలి ముట్టినది, భోజనమును పెట్టిరి. అచ్చువేసిన కార్యక్రమపత్రమున మాత్రము ఆయన పేరు లేదు. గచ్చిమీది పిల్లలు మెయిన్‌స్ట్రీమ్, అండర్‌గ్రౌండ్ అని వాదులాడుకొనునప్పుడెల్ల మాకు ఆ మెట్లు జ్ఞప్తికి వచ్చును. దరువు అక్కరకు వచ్చినది. దరువు వేసినవాని పేరు అక్కరకు రాలేదు.

నేటికిని ఇట్టివి జరుగుచునే యున్నవి. 2021లో తమిళనాట ‘ఎంజాయ్ ఎంజామి’ అను పాట దేశమంతట మ్రోగెను. దాని మాటలు వ్రాసి, గాయని ధీతో కలిసి పాడినవాడు అరివు. తేయాకు తోటలలో చాకిరి చేసిన తన అమ్మమ్మ వళ్లియమ్మాళ్ బ్రదుకును అతడు ఆ పాటలోనికి తెచ్చెను. ఆ యేడు ఆగస్టులో రోలింగ్ స్టోన్ పత్రిక భారతీయ సంచిక ఆ పాటను ప్రస్తావించుచు వేసిన ముఖచిత్రమున అరివు లేడు. దర్శకుడు పా. రంజిత్ దీనిని బహిరంగముగా ప్రశ్నించెను. తరువాత ఆ పత్రికవారు అరివు చిత్రముతో మరియొక ముఖచిత్రము వెలువరించిరి. అడిగినవారుండుటచేత ఆ పేరు తిరిగి వచ్చెను. మా చిన్నాయన పక్షమున ఆనాడు అడిగినవారు లేరు.

మన తెలుగుదేశమున అండర్‌గ్రౌండ్ అను మాటకు మరియొక యర్థము కలదు. గద్దరు 1980 దశకమున కొన్నియేండ్లు అజ్ఞాతవాసము చేసి 1990లో బయటికి వచ్చెను. భుజమున గొంగళి, చేత కఱ్ఱ, కాలికి గజ్జె. ఇవి సభామర్యాదలకు చెందినవి కావు. ఆయన 2023 ఆగస్టు 6వ తేదీన మరణించెను. 2025నుండి తెలంగాణ ప్రభుత్వమువారు సినిమా బహుమతులను ఆయన పేర నిచ్చుచున్నారు. మరుగున నుండినవాడు ప్రభుత్వ వేదికకు పేరయ్యెను. ఇది గెలుపా, పాటను మచ్చిక చేసికొనుటయా అని అడుగువారున్నారు. మేము దానిని గెలుపుగనే యెంచుచున్నాము. ఏలయన, అచ్చట పాటతోపాటు పేరును వేదిక యెక్కినది.

కావున పాట వేదిక యెక్కుట తప్పు కాదు. కట్టినవానిని మెట్లక్రింద విడిచి యెక్కుటయే తప్పు. లోయర్ పరేలులో మన పద్మశాలి పెద్దలు మగ్గములు నడిపిన మిల్లుల ఆవరణలలో తరువాత సంగీతశాలలు వెలసినవి. అచ్చట చాళ్ల పిల్లల పాటను టిక్కెట్టు కొని వినుచుందురు. వినువారు విననిండు. మన పిల్లలు తమ బ్రదుకును తమ నోట చెప్పి, తమ పేర కూలి పుచ్చుకొనిన చాలును.

గత పోచమ్మ పండుగనాడు మా మనుమడు డప్పు మ్రోతను ఫోనులో పట్టి, దానిమీద తన పలుకులు పలికెను. “తాతా, గిది మన దరువే గదా! మన పోరగాళ్లు అమెరికా దరువెందుకు ఎత్తుకొచ్చుకోవాలె?” అని అడిగెను. పిమ్మట, “చిన్నతాత పేరు పూరా చెప్పు, పాట కింద రాస్తా” అనెను. మేము ఇంటిపేరుతో సహా చెప్పితిమి. వాడు తెలుగు వ్రాయలేడు. మేమే వ్రాసి యిచ్చితిమి.

సంఘపు పెద్దలకు మా మనవి యింతే. రాబోవు ఉగాదికి డప్పును మెట్లెక్కనిండు. వాయించువారి పేర్లను కార్యక్రమపత్రమున అచ్చు వేయించుడు. మన యువకులకు అరగంట యిండు. స్త్రీలను కించపరచు మాటలు కూడవని నియమము పెట్టుడు, అది న్యాయమే. పాటలో నాలుగు చరణములైనను తెలుగున నుండవలెనని కూడ నియమించుడు. ధారావి పిల్లలు తమిళమున పాడగలిగినప్పుడు, కామాఠీపురపు పిల్లలు తెలుగున ఏల పాడలేరు? వారికి మాటలు చాలకున్నచో, ఇంట కూర్చున్న మావంటి ముదుసలులు అందించుటకు సిద్ధముగా నున్నారు.