పదో లెవెల్‌వాడు చెట్టు మీది నుంచి పడితే

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో నేను ఫైటర్‌ని. ఆదివారాలు ఉప్పల్‌లో ఒక ఫ్రెండ్ రూమ్‌లో నలుగురం ఆడతాం, ఐదోవాడు కథ నడుపుతాడు. ఒక గాబ్లిన్‌ని చంపితే 50 ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు. నలుగురం పంచుకుంటే తలా పన్నెండున్నర. రెండో లెవెల్‌కి 300 కావాలి, అంటే 24 గాబ్లిన్లు. మూడో లెవెల్‌కి 900, నాలుగోదానికి 2,700, చిట్టచివరి ఇరవయ్యో లెవెల్‌కి 3,55,000. అనుభవాన్ని ఇంత కచ్చితంగా లెక్కగట్టే చోటు నాకు ఇంకోటి తెలీదు.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటని తెచ్చిన తొలి రోజుల్లో బంగారానికి కూడా పాయింట్లుండేవి, ఒక్కో నాణేనికి ఒకటి చొప్పున. అందుకే తెలివైనవాళ్ళు రాక్షసుడి జోలికి పోకుండా సొమ్ము తెచ్చుకునే దారి వెతికేవాళ్ళు. దేనికి పాయింట్లిస్తే ఆట అటే నడుస్తుంది.

లెక్క మారినా ఒకటి మాత్రం మారలేదు. లెవెల్ పెరిగితే హిట్ పాయింట్లు, అంటే ప్రాణం, కూడా పెరుగుతుంది. నేర్చుకున్న కొద్దీ ఒళ్ళు గట్టిపడుతుందన్నమాట. నాకు ఇక్కడే మా నాయిన గుర్తొస్తాడు.

నాయిన తుంగతుర్తిలో కల్లు గీస్తాడు. మోకు, ముత్తాదు పట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది. వాన పడ్డ తెల్లారి ఏ చెట్టు జారుతుందో కింద నిలబడే చెప్తాడు. గెలని ఎంత పలచగా చెక్కాలో ఆయన చేతికి తెలుసు. కొంచెం లోతుగా తెగితే గెల పాడైతది, సరిగా తెగకపోతే కల్లు దిగదు. ఇదంతా పాయింట్లుగా రాస్తే ఏ లెవెల్ దగ్గర ఆగుతుందో!

మా ఆటలో కింద పడటానికి కూడా రూల్ ఉంది. ప్రతి పది అడుగులకి ఒక పాచిక వేయాలి. అరవై అడుగుల తాటిచెట్టు అయితే ఆరు పాచికలు. అన్నీ ఆరే పడినా దెబ్బ 36. మొదటి లెవెల్ ఫైటర్‌కి ఉండేవి పది, పన్నెండు హిట్ పాయింట్లు. వాడి పని అక్కడితో సరి. పదో లెవెల్‌వాడికి తక్కువలో తక్కువ 60 దాకా ఉంటాయి. దుమ్ము దులుపుకొని లేస్తాడు.

ఈ రూల్ నాయినకి చెప్తే కాసేపు నవ్వాడు. "అరవై ఫీట్లకెళ్ళి పడి లేసి నడుస్తడా? వాడు ఏ చెట్టు కల్లు తాగిండు బిడ్డా?"

కొత్తగా మోకు పట్టిన పిల్లాడు పడినా, ముప్ఫై ఏళ్ళు ఎక్కినవాడు పడినా నేల ఒకటే. పైగా అనుభవం పెరిగిన కొద్దీ మోకాళ్ళు అరుగుతాయి, నడుం పట్టేస్తుంది, చూపు తగ్గుతుంది. ఆటలో రెండు అంకెలూ కలిసి పైకి పోతాయి. చెట్టు మీద ఒకటి పైకి పోతుంటే ఇంకోటి కిందికి దిగుతుంది. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం 'కాటమయ్య రక్ష' పేరుతో గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచిదే. ఆట భాషలో చెప్పాలంటే అది లెవెల్ కాదు, కవచం. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఇవ్వలేని భరోసా ఒక తాడు ఇవ్వాల్సొచ్చింది.

ఇంకో సంగతి. నాకు చెట్టెక్కడం రాదు. చిన్నప్పుడు మోకు ముట్టుకుంటే చాలు, నాయిన కసిరేవాడు. "ఇది నాతోనే ఆగాలె" అనేవాడు. ఆటలో నా పాయింట్లు ఇంకొకరి షీటులో రాయడం కుదరదు. ఇంట్లో కుదిరేది, ఆయనే వద్దన్నాడు. నేను బాగుండాలని తనకి తెలిసినదంతా తన దగ్గరే ఉంచేసుకున్నాడు.

ఈ ఏడు ఇరవై చెట్ల నుంచి తొమ్మిదికి తగ్గించాడు. ఏవి ఉంచుకోవాలో, ఏవి వదలాలో తేల్చుకోవడానికి వారం రోజులు తాటివనమంతా తిరిగాడట. ఒక్కో చెట్టునీ చేత్తో తట్టి చూశాడని అమ్మ చెప్పింది. ఎట్లా తేల్చావని ఫోన్‌లో అడిగితే, "నీకెందుకు బిడ్డా, తిన్నవా?" అన్నాడు.