బొంకులదిబ్బ వెనక బేరాల లెక్క

విజయనగరం వెళ్లినవాళ్లు కోట చూస్తారు, గంటస్తంభం చూస్తారు, పైడితల్లి అమ్మవారికి దండం పెట్టుకుంటారు. కాస్త సాహిత్యాభిమానం ఉంటే ‘బొంకులదిబ్బ ఎటండీ?’ అని అడుగుతారు. కన్యాశుల్కంలో గిరీశం మొదట కనిపించేది అక్కడే మరి! ఆ కోతలరాయుణ్ని నిలబెట్టడానికి పేరులోనే బొంకు ఉన్న చోటు వెతకడం గురజాడ అప్పారావుకే చెల్లింది.

కోటకు దగ్గర్లోనే ఆయన ఇల్లుంది. ఇప్పుడది స్మారక భవనం. లోపలికి వెళితే మహాకవి గుర్తొస్తాడు. కానీ ఆ ఇంట్లో ఇంకో మనిషి కూడా ఉండేవాడు. సంఘం చాటుగా చేసే పనుల్ని దగ్గర నుంచి చూసి, లెక్కలతో సహా బయటపెట్టిన మనిషి. మనదేశంలో సోషియాలజీకి తొలి విశ్వవిద్యాలయ శాఖ 1919లో బొంబాయిలో వచ్చింది. అప్పారావు 1915లోనే కన్నుమూశారు. ఆ శాస్త్రం ఇక్కడ బడి తెరవక ముందే ఆయన దాని పని చేసేశారన్నమాట.

కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శనకెక్కింది, 1897లో అచ్చయింది. దానికి ఆయన ఇంగ్లిష్‌లో రాసిన పీఠికలో ఓ జాబితా ప్రస్తావన ఉంది. అప్పటికి పదేళ్ల కిందట ఆనంద గజపతి మహారాజు తయారు చేయించింది. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు 1034. ఏడాదికి సగటున 344. (విజయనగరం అప్పుడు ఆ జిల్లాలోదే.) అదీ పూర్తి లెక్క కాదు. కూతురికి సొమ్ము తీసుకున్నామని ఎవరు ఒప్పుకుంటారు?

అసలు గుండె ఝల్లుమనేది వయసులు చదివినప్పుడు. అయిదేళ్లకు పెళ్లయిన పిల్లలు 99 మంది. నాలుగేళ్లకు 44. మూడేళ్లకు 36. రెండేళ్లకు ఆరుగురు. ఏడాది వయసు గుంటలు ముగ్గురు! ఆ పాలు తాగే పిల్లల ధర తలకు 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా ఒక్కోసారి బేరం కుదిరేదని ఆయనే రాశారు. పెళ్లికొడుకు ముసలివాడైతే ఆ పిల్ల గతేమిటో నాటకంలో బుచ్చమ్మను చూస్తే తెలుస్తుంది.

ఇంతకీ ఆ తండ్రుల్ని ఊరు ఏమంది? ఏమీ అనలేదు. అగ్నిహోత్రావధానులు అగ్రహారంలో పెద్దమనిషిగానే తిరిగాడు. వేలెత్తి చూపించుకున్నది మధురవాణి లాంటి ఆడవాళ్లు. వేశ్యల నాట్యాల మీద సంస్కర్తలు విరుచుకుపడుతున్న రోజులవి. గురజాడ మాత్రం ఆమె ఇంట్లోకీ వెళ్లారు, అగ్రహారంలోకీ వెళ్లారు, సారా దుకాణం దగ్గర బైరాగి కబుర్లూ విన్నారు. ఎవరి మాట వారి యాసలోనే రాశారు. తప్పు అనేది మనిషిలో ఉండదు, సంఘం అతికించే చీటీలో ఉంటుందని అమెరికా సోషియాలజిస్టు హోవార్డ్ బెకర్ 1963లో పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాడు. ఆయన షికాగోలో పియానో వాయిస్తూ, గంజాయి పీల్చేవాళ్ల మధ్య తిరిగి పరిశోధన చేసినవాడు. గురజాడ ఆయన కంటే ఓ అడుగు ముందుకే వేశారేమో! చీటీ అంటించుకున్నవాళ్లతో పాటు, అంటించే చేతుల్ని కూడా చూపించారు కదా.

వేశ్యలకు ఎడంగా ఉండే వకీలు సౌజన్యారావు పంతుల్ని కలవడానికి చివర్లో మధురవాణి మగవేషం వేసుకుని వెళుతుంది. గిరీశం గుట్టు ఆయనకు తెలిసింది ఆమె వల్లే.

విశాఖ నుంచి విజయనగరానికి రైల్లో గంట ప్రయాణం. వెళ్లేటప్పుడు కన్యాశుల్కం సంచిలో వేసుకోండి, పీఠికతో ఉన్నదైతే మరీ మంచిది.