ఫార్మలిన్‌లో ముంచిన చీము

బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ ఉద్యోగుల నడుం నొప్పుల మీద రాసుకు రమ్మని పంపారు మా ఎడిటర్ గారు. 1978లో కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు పొలాల్లో 332 ఎకరాలు తీసుకుని కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ మొదలుపెట్టిన పేట ఇది. ఇవాళ వేల రూపాయల కుర్చీలకీ, ఫిజియోథెరపీ ప్యాకేజీలకీ ఇక్కడ కొదవ లేదు. వాటి సంగతి ఇంకెవరైనా రాస్తారు. నేను హొసూరు రోడ్డు పక్కన ఒక ఆస్పత్రి సెల్లార్‌లో, మైక్రోబయాలజీ ల్యాబ్ దగ్గర ఆగిపోయాను.

టెక్నీషియన్‌ది మదనపల్లె. నాది తెలుగని తెలియగానే చేతిలోని డబ్బా చూపించాడు. బయటి ఆస్పత్రి నుంచి వచ్చిన వెన్ను చీము.

"చూడు సార్, మళ్లా ఫార్మలిన్‌లోనే ఏసి పంపిచ్చినారు. క్రిమి ఎప్పుడో చచ్చింటాది. ఇంగ నేనేం కల్చర్ పెట్టేది?"

వెన్నుపాము పైపొరకీ ఎముకకీ నడుమ సన్నటి జాగా ఉంటుంది. దాన్నే ఎపిడ్యూరల్ అంటారు. అక్కడ చీము పడితే వెన్నుపాము నలుగుతుంది. ఎక్కువగా స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే క్రిమి పని. చర్మం మీది సెగగడ్డ నుంచి రక్తంలో పడి అక్కడికి చేరినా చేరవచ్చు. షుగర్, డయాలసిస్ ఉన్నవాళ్లకి ముప్పెక్కువ. మన దేశంలో టీబీనీ మరిచిపోకూడదు. 1948లో హ్యూస్నర్ అనే డాక్టరు ఈ జబ్బుకి నాలుగు మెట్లు చెప్పాడు: వెన్ను నొప్పి, నరం వెంట గుంజే పోటు, కాళ్లలో బలం తగ్గడం, చచ్చుబడిపోవడం. చివరి రెండు మెట్లూ గంటల్లోనే దిగిపోవచ్చు.

ఇంకో డబ్బాలో చీము బాగానే వచ్చింది. గాజుపలక మీద పలచగా పూసి, మంట మీద చూపి, ఊదా రంగు, అయోడిన్ పోశాడు. ఆ తరవాత స్పిరిట్‌తో కడగడం. అసలు పనితనం అక్కడే. కొన్ని సెకన్లు ఎక్కువైతే నిలవాల్సిన రంగూ పోతుంది. గడియారం చూడలేదు, పలక అంచు నుంచి జారే నీటి రంగు చూసి చెయ్యి ఆపాడు. మైక్రోస్కోపులో గుత్తులు గుత్తులుగా ఊదా చుక్కలు. స్టెఫ్ కావచ్చునన్నమాట. క్రిమిని పెంచి చూసే కల్చర్ తేల్చాక సరైన యాంటీబయాటిక్ సుమారు 6 వారాలు. టీబీ అయితే ఏడాదో, అంతకన్నా ఎక్కువో మాత్రలు. నరాలు నలుగుతుంటే ముందు ఆపరేషన్ చేసి చీము తీసేయాలి.

హోర్డింగుల మీద మాత్రం ఎమ్మారై యంత్రాల ఫొటోలే. ఎమ్మారై కావలసిందే, గెడోలినియం అనే మందు నరంలోకి ఎక్కించి మరీ తీయాలి. కానీ అది చీము ఎక్కడుందో చూపుతుంది, ఏ క్రిముందో చెప్పదు. ఆ చెప్పే చేతులు సెల్లార్‌లో ఉన్నాయి. వాటిదాకా సరుకు సరిగా రాదు. మందుల షాపులో కొన్న యాంటీబయాటిక్ నాలుగు రోజులు మింగి వస్తే కల్చర్‌లో ఏదీ మొలవకపోవచ్చు. చొక్కా తీయించి, వెన్నుపూసలు ఒక్కొక్కటే తట్టి చూసే డాక్టర్లూ కరువవుతున్నారు. నడుం నొప్పంటే కుర్చీదే తప్పనుకునే ఊళ్లో జ్వరం సంగతి ఎవరడుగుతారు?

జ్వరంతో పాటు వెన్నులో ఒకేచోట నొప్పి నిలిచిపోతే, మందు మొదలుపెట్టే ముందు రక్తం కల్చర్‌కి తీసుకోమని డాక్టర్ని అడగండి. కాళ్లు తేలిపోతున్నా, మూత్రం బిగిసినా తెల్లారేదాకా ఆగకండి. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ జరిగితే, బయటికొచ్చిన సర్జన్‌ని ఈ ఒక్క మాట అడగండి: "చీము ఫార్మలిన్ లేకుండా కల్చర్‌కి పంపారా?"