కోళ్లకు లేని జబ్బు

మా చిన్నాయనకు కడప జిల్లాలో ఓ చిన్న చికెన్ సెంటర్ ఉండేది. ఆదివారం వచ్చిందంటే పొద్దున ఆరింటికే దుకాణం ముందు జనం. తొమ్మిదో తరగతి చదువుతున్న నాకు గల్లాపెట్టె దగ్గర డ్యూటీ. లెక్క తప్పకుండా చిల్లర ఇస్తే, మధ్యాహ్నం ఇంటికి వెళ్లేటప్పుడు పావుకిలో లివరు నా బహుమతి.

2006లో ఆ బహుమతి ఆగిపోయింది.

ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో కోళ్లకు బర్డ్‌ఫ్లూ వచ్చిందని పేపర్లలో పడింది. అదెక్కడి నవాపూర్, ఎక్కడి మా ఊరు! అయినా బేరాలు సగానికి పడిపోయాయి. సరే, నాలుగు వారాలు పోతే జనమే మరిచిపోతారులే అనుకున్నాడు చిన్నాయన. ఈలోగా మా వీధికి ఇంకో కొత్త జ్వరం వచ్చింది. ఒళ్లు పెనంలా కాలిపోవడం, కీళ్లు బిగుసుకుపోవడం. నిన్నటిదాకా బిందెలు మోసినవాళ్లు చెంబు ఎత్తలేకపోయారు.

పేపర్లు ‘చికున్ గున్యా’ అని రాశాయి. మా ఊరు దాన్ని ‘చికెన్ గున్యా’ అని చదువుకుంది.

ఇక చూసుకోండి! పగటిపూట కుట్టే దోమతో ఆ జబ్బు వస్తుందని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. వినేదెవరు? ‘‘కోడి పేరు పెట్టుకుని కోడికి సంబంధం లేదంటే ఎట్ల నమ్మేది?’’ అన్నాడు మాకు రోజూ పాలు పోసే ఆయన. అందులో న్యాయం లేదని ఎలా అంటాం?

చిన్నాయనకు ఓ ఆలోచన వచ్చింది. అట్టముక్క మీద ‘మా కోళ్లకు చికున్ గున్యా లేదు’ అని నాతోనే రాయించి దుకాణానికి కట్టాడు. నేను పాత్రికేయంలోకి రాకముందు రాసిన మొదటి హెడ్డింగు అదే. అంతదాకా అనుమానం లేనివాళ్లకు కూడా అది చూశాక అనుమానం వచ్చింది! మూడోరోజుకి బోర్డు పీకేశాడు. నాలుగో నెలకు షట్టర్ దించేశాడు.

ఆ తర్వాత ఆయనకే జ్వరం పట్టుకుంది. ముప్పై అయిదేళ్ల మనిషి గోడ పట్టుకుని, నడుం వంచి, అంగుళం అంగుళం జరుగుతూ పెరట్లోకి వెళ్తుంటే మా అవ్వ చూసి, ‘‘ఇదేం జొరం నాయనా... మనిషిని కొడవలి మాదిరి వంచేసింది’’ అంది. ఆనాటి నుంచి మా ఇంట్లో దాని పేరు ‘వంచే జొరం’.

డిప్లొమా చదివే రోజుల్లో లైబ్రరీలో ఓ పుస్తకం తిరగేస్తుంటే చికున్ గున్యా పుట్టుపూర్వోత్తరాలు కనిపించాయి. 1952లో ఇప్పటి టాంజానియా దక్షిణ ప్రాంతంలో ఈ జబ్బు వ్యాపించినప్పుడు, అక్కడి మకొండె భాషవాళ్లు పెట్టుకున్న పేరట అది. అర్థం... ‘వంగిపోయేలా చేసేది’. చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సముద్రానికి ఆవలి గట్టు మీద ఎవరో చూసిందే మా అవ్వా చూసింది. ఆ మాటను తెలుగు చేసి ఒక్క వాక్యం రాసి ఉంటే, చిన్నాయన షట్టర్ ఇంకొన్నాళ్లు తెరిచే ఉండేదేమో.

మన పెద్దవాళ్లు పెట్టిన పేర్లు చూడండి. ధనుర్వాతం, కోరింత దగ్గు, గవదబిళ్లలు, బోదకాలు, పచ్చకామెర్లు. చాలావాటిలో రోగి ఒళ్లు కనిపిస్తుంది. ఎవరి మీదా నింద లేదు. అలాగని మనవాళ్లు అందరినీ కనికరించారనీ కాదు. ‘పెద్దరోగం’ అని గొంతు తగ్గించి చెప్పుకున్న కుష్ఠు సోకినవారిని ఊరి బయటే ఉంచారు.

పేరు చేసే పని చిన్నది కాదు. 2009లో ‘స్వైన్ ఫ్లూ’ అన్నందుకు ఈజిప్టులో ఉన్న పందులన్నిటినీ చంపేయమని ఆదేశాలిచ్చారు. ఆ జబ్బు మనిషి నుంచి మనిషికి పాకుతుంటే శిక్ష పందులకూ, వాటిని పెంచుకునే పేదలకూ పడింది. చివరికి 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జబ్బుల పేర్లకు కొన్ని పద్ధతులు సూచించింది. ఊరి పేరు వద్దు, మనిషి పేరు వద్దు, జంతువుల పేర్లు వద్దు. భయపెట్టే మాటలూ వద్దు. అలాంటి మాటల్లో ‘అంతుచిక్కని’ అనే అర్థమున్న మాట కూడా ఉంది.

ఇవన్నీ చదివినవాణ్ణే. అయినా 2020 డిసెంబరులో నేనేం చేశాను?

ఏలూరులో జనం ఉన్నట్టుండి ఫిట్స్‌తో పడిపోతున్నారని రాత్రి డెస్కుకి వార్త వచ్చింది. టైము లేదు. ‘అంతుచిక్కని వింత వ్యాధి’ అని టైప్ చేసి పేజీ వదిలేశాను. పొద్దున్నే మా పిన్ని కూతురి ఫోను. అక్క కాపురం ఏలూరులోనే.

‘‘పేపర్లో వింత అని రాసింది నువ్వేనా?’’

‘‘నేనే అక్కా.’’

‘‘పక్కింటి పిల్లాడు నా చేతుల్లో కొట్టుకుంటుంటే ఆటో కోసం రోడ్డు మీద పరిగెత్తాను. వాడు నీకు వింతగా ఉన్నాడా?’’

జవాబు చెప్పలేకపోయాను. ‘‘మీ బావగారి చెల్లెలి పెళ్లిచూపులకు రావాల్సినవాళ్లు మీ ఊరికి మేం రాలేమన్నారు’’ అని కూడా చెప్పి పెట్టేసింది.

ఆ రాత్రి హెడ్డింగులో ‘ఏలూరులో ఫిట్స్ కేసులు’ అనే రాశాను. ఇన్‌ఛార్జిగారు పేజీ చూసి ‘‘వింత ఏదయ్యా?’’ అన్నారు. ‘‘లేదు సార్’’ అన్నాను. ఆయన ఓ క్షణం నాకేసి చూసి, సంతకం పెట్టారు. వందల మంది ఆస్పత్రి పాలైన ఆ ఘటనలో, బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు తర్వాత పరీక్షల్లో తేలింది. ‘వింత’ అన్న మాట మాత్రం ఏలూరును వదిలిపెట్టడానికి చాలా కాలం పట్టింది.

పేర్లు పెట్టేది జెనీవాలోనే కాదు. కొవిడ్-19 అని ఎంత జాగ్రత్తగా పెట్టినా, ‘కరోనా ఇల్లు’ అన్నది మన వీధుల్లోనే. అది మన నోటి చలవ!

చిన్నాయన ఇప్పుడు చిల్లర కొట్టు నడుపుతున్నాడు. చలికాలం వస్తే మోకాళ్లు ఇంకా సలుపుతాయంటాడు. ఎక్కడ కొత్త జ్వరం అన్నా నాకే ముందు ఫోన్ చేస్తాడు. ఎలా వస్తుంది, మందుందా అని అడగడు.

‘‘ఏమి పేరు పెట్టినార్రా? దాంట్లో కోడి లేదు కదా?’’ అంటాడు.

‘‘లేదులే చిన్నాయనా’’ అంటాను. అన్నాక, ఆ రోజు కాపీని మళ్లీ మొదటి నుంచి చదువుకుంటాను... ఎవరి కోడి ఉందోనని!