కింది రాడ్లు

2023 నవంబరు ఆఖరి వారంలో మొదటిసారి కేకు అడుగు పచ్చిగా వచ్చింది. పైన రంగు చక్కగా తిరిగింది, పుల్ల గుచ్చితే మాత్రం పిండి అంటుకుని వచ్చింది. టిన్ను మార్చాను, టైము పెంచాను. పైన మాడిందే తప్ప అడుగు ఉడకలేదు. ఓవెన్ తలుపు తీసి చూస్తే పైన రెండు రాడ్లూ ఎర్రగా కాలుతున్నాయి. కింద రెండూ చల్లగా ఉన్నాయి.

మాది చీరాల. అద్దె ఇల్లు. మా ఆయనకి చెన్నైలో ఉద్యోగం, నెలకి రెండు ఆదివారాలు వస్తాడు. ఇంట్లో నేను, అత్తయ్య, తొమ్మిదేళ్ల మా బాబు. నలభై లీటర్ల ఓటీజీ ఓవెన్ ఒకటి పెట్టుకుని నాలుగేళ్లుగా కేకులు చేసి అమ్ముతున్నాను. మామూలు నెలల్లో పుట్టినరోజు కేకులు వారానికి రెండో మూడో. క్రిస్మస్ నెల వస్తేనే నా చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. అప్పటికే 14 ప్లమ్ కేకులకి అడ్వాన్సు తీసుకుని ఉన్నాను. ఎండుద్రాక్ష, చెర్రీలు, టూటీఫ్రూటీ ద్రాక్షరసంలో నానుతున్నాయి.

కంపెనీ సర్వీసు నంబరుకి ఫోన్ చేస్తే, ఆ మోడలు ఆపేశామనీ, స్పేర్లు రావనీ చెప్పారు. ఊళ్లో మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే మెకానిక్ వచ్చి, మూత కూడా తీయకుండా, "దీని పని అయిపోయిందమ్మా, కొత్తది తీసుకోండి" అన్నాడు. కొత్తదానికి ఎనిమిది వేలు పైమాట. ఉన్న అడ్వాన్సు అంతా సరుకులకే పోయింది.

వెనక రేకు నేనే విప్పాను. పన్నెండు స్క్రూలు, మూడు తుప్పు పట్టి తిరగలేదు, కొబ్బరినూనె చుక్క వేసి రాత్రంతా వదిలేస్తే పొద్దున తిరిగాయి. లోపల ఎండిపోయిన బొద్దింకలు, మాడిన నెయ్యి వాసన. వైర్లు విప్పకముందు ఫోన్‌తో ఫోటోలు తీసుకున్నాను. ఆ పని చేసినందుకు తర్వాత చాలాసార్లు నన్ను నేనే మెచ్చుకున్నాను. మిగతా పనుల్లో మెచ్చుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

పై వాటాలో డిప్లొమా చదివే అబ్బాయి దగ్గర మల్టీమీటరు ఉంది. కింది రాడ్లలో ముందుదానికి రెండు కొసలా ముళ్లు పెడితే 26 ఓమ్‌లు చూపించింది. వెనకదానికి ఏమీ చూపించలేదు. అంటే లోపలి తీగ తెగిపోయింది. "ఒక్కటే పోతే రెండూ ఎందుకు చల్లబడ్డాయి?" అని అడిగాను. "సిరీస్‌లో ఉన్నాయాంటీ, సీరియల్ సెట్టు బల్బుల్లాగా" అన్నాడు. అర్థమైందనుకున్నాను.

బజారుకెళ్లి అదే పొడవు రాడ్డు అడిగాను. ఐదువందల వాట్లది, స్టీలుది, 180 రూపాయలు. పొడవు సరిపోయింది, లావు సరిపోయింది, వాట్లు సరిపోయాయి. బిగించి, ఒక చిన్న కేకు పెట్టి చూశాను. టిన్ను వెనక సగం ఉడికింది. ముందు సగం జావలా ఉంది. అటూ ఇటూ తిప్పి చూసినా అంతే. కొత్త రాడ్డు కాస్త వేడెక్కుతోంది, బాగున్న పాతదానికి ఆ మాత్రం వేడి కూడా రావడంలేదు. మంచి రాడ్డు కూడా పోయిందేమోనని ఏడుపొచ్చింది.

ఆ అబ్బాయి కాగితం తీసుకుని లెక్క కట్టాడు. గోడలో వచ్చేది 230 వోల్టులు. రెండు రాడ్లు ఒకదాని వెనక ఒకటి ఉంటే చెరి సగం, 115 పంచుకోవాలి. అందుకే ఓవెన్లో ఒరిజినల్‌గా వేసినవి 115 వోల్టుల రాడ్లు, ఒక్కోటి 26 ఓమ్‌లు. నేను తెచ్చింది 230 వోల్టులది. దానికి 106 ఓమ్‌లు. రెండూ కలిసేసరికి కరెంటు బాగా తగ్గిపోయి, వెయ్యి వాట్లు రావలసిన చోట నాలుగు వందలే వచ్చాయి. అందులోనూ 320 కొత్తదానికి, పాతదానికి 80. రాడ్డు మీద సన్నని అక్షరాల్లో వోల్టులు వేసే ఉన్నాయి. కొన్నప్పుడు వాట్లు చూశాను గానీ అది చూడలేదు. షాపులో వాళ్లు కూడా అడగలేదు.

చీరాలలో 115వి దొరకలేదు. డిసెంబరు 2న రైలెక్కి విజయవాడ వెళ్లి, నాలుగు షాపులు తిరిగి, జత తెచ్చుకున్నాను. పాతదాన్ని కూడా తీసేసి రెండూ కొత్తవే వేద్దామని నా ఉద్దేశం. మర్నాడు బయట వాన పడుతుంటే కూర్చుని బిగించాను. ఇక్కడే నేను చేసిన తప్పు చెప్పాలి.

కొత్త రాడ్డు కొస కొద్దిగా పొట్టి. పాత వైరు రెండంగుళాలు అందలేదు. ఓవెన్ లోపల వాడే వైరుకి పైన ఫైబర్ స్లీవు ఉంటుంది, వేడికి ఆగుతుంది. అది నా దగ్గర లేదు. పాడైన టేబుల్ ఫ్యాను వైరు ముక్క కోసి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టాను. మామూలు ప్లాస్టిక్ వైరు. పక్కనే రెండువందల డిగ్రీల రేకు గోడ ఉందని తెలిసే చుట్టాను. "క్రిస్మస్ దాకా ఆగితే చాలు" అనుకున్నాను.

అంతలో మిగ్‌జాం తుపాను వచ్చింది. 5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గరే తీరం దాటింది. మాకు అది పక్క ఊరు. చెట్లు, స్తంభాలు పడ్డాయి. మా వీధికి మూడు రోజులు కరెంటు లేదు. గోడలన్నీ చెమ్మ.

8న కరెంటు వచ్చాక ఓవెన్ పెడితే బాగా కాలింది. పక్క రేకు ముట్టుకుంటే మాత్రం చెయ్యి జివ్వుమంది. అబ్బాయిని అడిగాను. రాడ్డు గొట్టంలో తీగ చుట్టూ ఒక తెల్ల పొడి కూరుతారనీ, అది చెమ్మ పీల్చుకుంటే కొంచెం కరెంటు బయటికి వస్తుందనీ, అరగంట కాలితే ఆరిపోతుందనీ చెప్పాడు. అతను చెప్పింది నిజమే. అరగంటకి జివ్వుమనడం తగ్గింది కూడా. అందుకే మర్నాడు మళ్లీ అనిపించినప్పుడు చెమ్మేనని ఊరుకున్నాను. అత్తయ్య, "చెప్పులేసుకుని ముట్టుకో అమ్మాయ్" అంది. మా ఇంట్లో ఫ్రిజ్ దగ్గర ఎప్పట్నుంచో ఒక జత రబ్బరు చెప్పులు ఉంటాయి. ఓవెన్ దగ్గర ఇంకో జత పెట్టాం. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

11వ తేదీ సాయంత్రం మూడో కేకు లోపల ఉంది. బాబు బడి నుంచి వచ్చి సింకు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ఒక చెయ్యి కుళాయి మీద ఉంది. కేకు చూద్దామని రెండో చెయ్యి ఓవెన్ పక్కన వేశాడు. అరవలేదు. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఒక శబ్దం వచ్చింది. నేను వెనక్కి తిరిగేసరికి వాడి భుజాలు బిగుసుకుపోయి ఉన్నాయి, చెయ్యి వదలడంలేదు. వాణ్ని లాగడానికి పరుగెత్తాను. "ముట్టుకోకు!" అని అత్తయ్య అరిచింది. అంత గొంతు ఆవిడకి ఉందని నాకు తెలియదు. ఆవిడే గోడ మీద స్విచ్ కట్టేసింది. వాడు కింద కూలబడ్డాడు.

ఎంతసేపు పట్టుకుందో నాకు తెలియదు. అత్తయ్య రెండు మూడు సెకన్లంటుంది.

ఊపిరి ఆడుతోంది, కళ్లు తెరిచాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఈసీజీ తీశారు, రాత్రి పదకొండు దాకా ఉంచుకుని మళ్లీ తీశారు. రెండు వేళ్ల కొసల తెల్లగా కాలిన మచ్చలు తప్ప ఏమీ లేదన్నారు. వాడు ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో, "అమ్మా, కేకు ఏమైంది?" అని అడిగాడు.

మర్నాడు మా ఆయన వచ్చాడు. నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది. బాగా అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్ని పిలిచాం. వెనక రేకు విప్పగానే నా టేపు కరిగి నల్లటి జిగురై ఉంది, ప్లాస్టిక్ జారిపోయి రాగి తీగ రేకుకి ఆనుకుని ఉంది. ఆయన దానికేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూశాడు. తర్వాత బల్బు వైర్లు ప్లగ్గులో పెట్టాడు. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య వెలిగింది. ఫేజుకీ పై రంధ్రానికీ మధ్య వెలగలేదు. బోర్డు విప్పితే, పై రంధ్రం వెనక వైరే లేదు. స్క్రూ కొత్తదిలా మెరుస్తోంది. ఇల్లు కట్టిన నాటి నుంచి దానికి ఏ వైరూ తగల్లేదు.

ఆయన చెప్పినదాన్ని నాకు అర్థమైనట్టు రాస్తాను. మూడు పిన్నుల ప్లగ్గులో పై రంధ్రంలోకి వెళ్లే లావుపాటి, పొడుగుపాటి పిన్ను ఎర్త్‌ది. పెట్టేటప్పుడు మిగతావాటికంటే ముందు తగలాలనీ, తీసేటప్పుడు చివర ఊడాలనీ పొడుగు చేశారు. దాని వెనక వైరు భూమిలోకి వెళ్లి ఉంటే, నా రాగి తీగ రేకుకి తగిలిన క్షణంలోనే కరెంటంతా అటు దూసుకుపోయి ఫ్యూజు ఎగిరిపోయేది. వైరు లేదు కాబట్టి ఓవెన్ రేకంతా ఫేజుతో ఎదురుచూస్తూ నిలబడింది. ఇనప గొట్టం మీది తడి కుళాయి పట్టుకున్న మనిషి ఎవరొస్తారా అని.

పెరట్లో గొయ్యి తీసి, ఇనప పైపు దించి, బొగ్గు, ఉప్పు వరసలుగా వేశారు. మాది సముద్రం దగ్గరి ఇసక నేల, కాస్త లోతుకే తడి తగిలింది. అక్కడినుంచి వంటింటి ప్లగ్గుకి ఆకుపచ్చ వైరు లాగారు. మెయిన్ దగ్గర కరెంటు 30 మిల్లీ ఆంపియర్లు లీకైనా పడిపోయే ఆర్‌సీసీబీ పెట్టారు. ఓవెన్లో ఫైబర్ స్లీవు వైరు వేసి, లగ్గులు నొక్కి బిగించారు. ఆ వైరు మీటరు ఖరీదు, నేను విజయవాడ వెళ్లిన రైలు టిక్కెట్టు కంటే తక్కువ.

పద్నాలుగులో తొమ్మిది ఆర్డర్ల డబ్బు వెనక్కి ఇచ్చేశాను. ఐదు కేకులు చేశాను. అడుగు బాగా ఉడికింది.

హాల్లో, పడగ్గదిలో ప్లగ్గులకి ఇంకా ఎర్త్ లేదు. మా ఖర్చు మేం పెట్టుకున్నాం, మిగతాది మీరు వేయించండని ఇంటి ఓనరుగారిని అడిగితే సంక్రాంతి వెళ్లాక చూద్దామన్నారు. సంక్రాంతి వెళ్లింది. ఫ్రిజ్ హాల్లోనే ఉంది. దాని ముందు చెప్పులు కూడా ఉన్నాయి.